భవనం లోపల సింగిల్ మోడ్ ఫైబర్ దండగేనా?

“భవనం లోపల మల్టీమోడ్ చాలు, సింగిల్ మోడ్ కిలోమీటర్ల దూరాలకే, పైగా ఖరీదు, దగ్గర్లో వాడితే దాని లేజర్ అవతలి రిసీవర్‌ను మాడ్చేస్తుంది” అనే మాట కేబుల్ పని చేసేవారిలో బాగా ప్రచారంలో ఉంది. ఇవి కాంతి ద్వారా డేటాను మోసే ఫైబర్ కేబుళ్లలో రెండు రకాలు: కాంతి సాగే నడిమి భాగం (కోర్) మల్టీమోడ్‌లో వెడల్పు, సింగిల్ మోడ్‌లో సన్నం. ఇందులో ఏ ఒక్క అంశమూ చెప్పినంత సూటిగా నిజం కాదు.

“చాలు” అన్నది ముందుగా వేగాన్ని బట్టి తేలవలసిన విషయం. 62.5 మైక్రాన్ల కోర్ గల పాత ఓఎం1 రకం మల్టీమోడ్ కేబుల్‌పై 1 గిగాబిట్ సిగ్నల్ 275 మీటర్లు వెళ్లేది. అదే కేబుల్‌పై 10 గిగాబిట్ 33 మీటర్లకు మించి వెళ్లదు. ఆ తరువాత వచ్చిన ఓఎం3 10 గిగాబిట్‌ను 300 మీటర్లు మోస్తుంది గాని, 100 గిగాబిట్ ఎస్ఆర్4 (దగ్గరి దూరాలకు మల్టీమోడ్‌పై వాడే పద్ధతి) వద్దకు వచ్చేసరికి ఎనిమిది పోగులు వాడినా 70 మీటర్లే. వెడల్పాటి కోర్‌లో కాంతి అనేక దారుల్లో ప్రయాణించి వేర్వేరు క్షణాల్లో చేరడం వల్ల, వేగం పెరిగేకొద్దీ ఒక పల్స్ మరొకదానిలో కలిసిపోతుంది. సుమారు 9 మైక్రాన్ల సింగిల్ మోడ్ కోర్‌లో దారి ఒక్కటే కనుక ఆ చిక్కు లేదు. అవే రెండు పోగులపై 10 గిగాబిట్ ఎల్ఆర్, 100 గిగాబిట్ ఎల్ఆర్4 (సింగిల్ మోడ్‌పై వాడే పద్ధతులు) రెండూ 10 కిలోమీటర్లు వెళతాయి. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో ఇంటింటికీ ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ కూడా సింగిల్ మోడే. గుమ్మం దాటి వచ్చిన దానిని కిలోమీటర్లకే పరిమితమనడం విచిత్రం.

రిసీవర్ మాడుతుందన్న భయం 10 గిగాబిట్ ఎల్ఆర్ విషయంలో నిరాధారం: దాని లేజర్ గరిష్ఠంగా వెలువరించేదీ, రిసీవర్ స్వీకరించగలిగేదీ 0.5 డీబీఎమ్మే (డీబీఎమ్ కాంతి శక్తికి కొలమానం) కనుక మీటరు ప్యాచ్ కార్డుతో (పొట్టి జోడింపు కేబుల్) కలిపినా ఇబ్బంది లేదు. 40 కిలోమీటర్ల ఈఆర్ మాడ్యూల్ (కేబుల్ చివర అమర్చే, లేజర్, రిసీవర్ ఉండే పరికరం) 4 డీబీఎమ్ వరకు వెలువరించగలదు, దాని రిసీవర్ పరిమితి మాత్రం మైనస్ 1. దగ్గర్లో దానికి అటెన్యుయేటర్ (కాంతిని తగ్గించే సాధనం) తప్పదు.

ఖరీదు విషయంలో కొంత నిజముంది, కాని అది కేబుల్‌కు చెందినది కాదు. మీటరు లెక్కన సింగిల్ మోడ్ సాధారణంగా ఓఎం3, దాని తరువాతి మల్టీమోడ్ రకమైన ఓఎం4 కంటే చౌక. సన్నని కోర్‌కు లేజర్‌ను గురిగా అమర్చవలసి రావడంతో ధర పెరిగింది మాడ్యూళ్లకు, ఆ తేడా కూడా 10 గిగాబిట్ వద్ద బాగా తగ్గింది. మాడ్యూల్ మార్చడం నిమిషం పని, అంతస్తుల మధ్య కేబుల్ మార్చాలంటే సీలింగులు విప్పాలి.

ఇప్పటికే ఓఎం4 ఉండి 10 గిగాబిట్ సరిపోయేచోట దాన్ని పీకనక్కర్లేదు. ఒకే గదిలోని ర్యాకుల మధ్య మల్టీమోడ్ ఇప్పటికీ సబబే. కొత్త భవనంలో అంతస్తుల మధ్య మాత్రం నేను సింగిల్ మోడే వేయమంటాను. అయితే 9 మైక్రాన్ల కోర్‌ను ఒక్క ధూళి కణమే కప్పేయగలదు కనుక ప్రతి కనెక్టర్‌నూ తుడిచి, స్కోప్‌తో (చిన్న మైక్రోస్కోప్) చూశాకే పెట్టాలి. రెండు చివరలా ఎల్ఆర్ మాడ్యూళ్లే ఉన్నాయో లేదో చూసుకోవాలి, ఒకవైపు మల్టీమోడ్‌కు వాడే ఎస్ఆర్ ఉంటే లింక్ రాదు.