సవరణ: కేథలిక్కులు ‘క్రియల వల్లే రక్షణ’ అనరు

రాయగడలో ఒక లూథరన్ (ప్రొటెస్టంట్లలో ఒక శాఖ) అమ్మాయికీ కేథలిక్ అబ్బాయికీ పెళ్లి మాటలు నడుస్తున్నాయని రాసిన పోస్టులో, రక్షణ దేనివల్ల వస్తుందన్న దానిమీద ‘లూథరన్లది విశ్వాసం, కేథలిక్కులది క్రియలు’ (అంటే మంచిపనులు) అన్న వాక్యం వచ్చింది. దాన్ని తీసేశాం. రెండిళ్ల పెద్దలూ ఆ మాటనే పట్టుకుని టెన్షన్ పడుతున్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

1547లో కేథలిక్ సంఘపు ట్రెంట్ మహాసభ చేసిన తీర్మానమే చూడండి. దేవుని కృప (ఉచితంగా ఇచ్చే దయ) లేకుండా తన క్రియలతోనే మనిషి నీతిమంతుడు కాగలడనే వాళ్లను అది మొట్టమొదటే ఖండించింది. జయపురం లూథరన్ గుడిలోనైనా, రాయగడ కేథలిక్ గుడిలోనైనా తల్లి ఒళ్లో పసిబిడ్డకు బాప్తిస్మం ఇస్తారు. ఆ బిడ్డ ఏ మంచిపని చేసిందని? ఇద్దరూ ముందు కృపనే నమ్ముతారు.

తేడా లేదని కాదు. క్రీస్తు నీతిని దేవుడు మన లెక్కలో వేస్తాడు, విశ్వాసి ఒకేసారి నీతిమంతుడూ పాపీ అంటారు లూథరన్లు. కృప మనిషిని లోపల మారుస్తుంది, ఆ నీతి పెరుగుతుంది కూడా అంటారు కేథలిక్కులు. ఇది చిన్న తేడా కాదు. అయినా 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కేథలిక్ సంఘం కలిసి సంతకం చేశాయి: మన యోగ్యతను బట్టి కాదు, కృపచేతనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడు, పరిశుద్ధాత్మ మనల్ని సత్క్రియలకు పిలుస్తాడు అని.

పాత పోస్టు ఎవరికైనా పంపి ఉంటే, దయచేసి ఇదీ పంపండి. ఆ రెండిళ్లకు ముందు.