కంపెనీని క్షమించడానికి అదేమన్నా మన మేనమామా?

మా డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీఎన్‌డీ) గ్యాంగ్‌లో కొత్తగా చేరిన తమ్ముడొకడు 2024లో వచ్చిన ఆట రూల్స్ పుస్తకం, ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ తెప్పించుకుంటానన్నాడు. అంతే, పాత గొడవ మళ్ళీ లేచింది. దాన్ని వేసే విజర్డ్స్ కంపెనీకి రూపాయి ఇచ్చినా ఊరుకోనని ఒకాయన. "ఎప్పుడో 2023లో లైసెన్స్ మార్చబోయారు, ఇంకా ఎన్నాళ్ళు పట్టుకుని వేలాడతావు సామీ, క్షమించేయ్" అని ఇంకొకాయన. వాట్సాప్‌లో రాస్తే మధ్యలో గుడ్ మార్నింగ్ ఫొటోలు పడతాయి కాబట్టి నాకు తోచింది ఇక్కడ రాస్తున్నా.

నేను క్షమించను. ఆడటమూ మానను. తమ్ముడు పుస్తకం కొంటే అడ్డుపడను కూడా.

సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తా. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చిన ఆట. ఒకరు కథ నడుపుతారు, ఆయన్ని డీఎమ్ అంటాం. మిగతావాళ్ళు తలో పాత్ర పట్టుకుని ఏం చేస్తారో చెబుతారు, అది జరిగిందా లేదా అన్నది డైస్ తేలుస్తుంది. మొదట్లో దీన్ని వేసిన టీఎస్‌ఆర్ కంపెనీ అప్పుల్లో కూరుకుపోతే 1997లో విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కొంది. 1999లో ఆ విజర్డ్స్‌ని బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కొంది. 2000లో ర్యాన్ డాన్సీ అనే ఆయన చొరవతో ఓపెన్ గేమ్ లైసెన్స్ వచ్చింది. మేమంతా ఓజీఎల్ అంటాం. ఆట మూలపాఠాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, దాని మీద సొంత కథలు రాసి అమ్ముకోవచ్చు, రాయల్టీ కట్టక్కర్లేదు. రేపు కంపెనీ మునిగినా ఆట మునగకూడదన్నది దాని వెనకున్న ఆలోచన. మేం ఇంకో వెర్షన్ తెచ్చినా మీకు నచ్చకపోతే పాతదే వాడుకోండి అని అప్పట్లో విజర్డ్స్ తన వెబ్‌సైట్‌లోనే రాసిపెట్టింది కూడా. ఆ మాట నమ్మి ఎంతోమంది చిన్న పబ్లిషర్లు సంసారాలు పెట్టుకున్నారు. పెయిజో కంపెనీ 2009లో తెచ్చిన పాత్‌ఫైండర్ ఆట మొత్తం ఆ లైసెన్స్ మీదే లేచింది.

2023 జనవరి మొదటి వారంలో విజర్డ్స్ తయారుచేసిన కొత్త లైసెన్స్, ఓజీఎల్ 1.1 ముసాయిదా లీకైంది. పాత లైసెన్స్ ఇక చెల్లదట. ఏడాదికి 50 వేల డాలర్లు దాటి సంపాదిస్తే లెక్కలు చూపించాలట. ఏడున్నర లక్షల డాలర్లు దాటితే, పైన వచ్చిన ఆదాయంలో 25 శాతం కట్టాలట. లాభంలో కాదు, ఆదాయంలో! ప్రింటింగ్, కాగితం, బొమ్మలు గీసినవాళ్ళ కూలీ పోను ఒక చిన్న పబ్లిషర్‌కి చేతిలో ఎంత మిగులుతుందో అచ్చాఫీసు మెట్టెక్కినవాళ్ళకి ఎవరికైనా తెలుసు. ఊరంతా ఇరవై ఏళ్ళకు పైగా నడిచిన బాటకి ఒక పొద్దున గేటు పెట్టి, మీ బండిలో సరుకెంతో చెప్పండి అన్నట్టుంది వ్యవహారం.

డబ్బు సంగతి సరే, తిరుపతిలో కూర్చున్న మనకి ఏడున్నర లక్షల డాలర్లు ఎక్కడివి? నాకు అసలు మండింది ఇంకో షరతు దగ్గర. ఆ లైసెన్స్ కింద మీరు రాసినదాన్ని కంపెనీ ఎప్పటికీ, ఎక్కడైనా, పైసా ఇవ్వకుండా వాడుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వనూవచ్చు. హక్కు మీదే, అనుభవం మాది అన్నమాట.

ఇది నాకు ఎందుకంత గుచ్చుకుందంటే, బైరాగిపట్టెడలో ఒక మిద్దె మీద గదిలో మేం ఆడే క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే ఒకే కథ) తాతయ్యగుంట గంగమ్మ కథ మీద నడుస్తుంది. ఊళ్ళో ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడు అమ్మవారికి భయపడి దాక్కున్నాడు. వాణ్ణి బయటికి రప్పించడానికి ఆమె రోజుకో వేషం కట్టింది. బైరాగి, బండ, తోటి, చివరికి దొర. దొర వచ్చాడని వాడు బయటికొస్తే చంపింది. ఆ తర్వాత మాతంగి వేషంలో వెళ్ళి వాడి పెళ్ళాన్నే ఓదార్చింది. మే నెలలో జాతర చూసినవాళ్ళకి ఇదంతా కొత్తేం కాదు. వేషం కట్టి వీధిలో తిరగడం తెలిసిన ఊరికి రోల్‌ప్లే అంటే ఏంటో ఒకరు వచ్చి నేర్పాలా!

మా ఆటలో పాలెగాడి కోటకి చంద్రగిరి కోట నమూనా. పాత క్యాలెండర్ కాగితం వెనక స్కెచ్‌తో గీసిన మ్యాపు, మూలలు లేవకుండా నాలుగు వైపులా సెల్‌ఫోన్లు. తోటి వేషంలో లోపలికి దూరిన మావాడు కావలివాడి ముందు నిలబడి వాణ్ణి నమ్మించగలడో లేదో తేల్చే డిసెప్షన్ చెక్‌కి డీ20, అంటే ఇరవై ముఖాల డైస్ వేశాడు. అది దొర్లి దొర్లి మంచం కిందికి పోయింది. నలుగురం టార్చ్ వేసి చూస్తే 19. ఇరుగుపొరుగు తలుపు కొట్టేంత అరిచాం.

ఈ కథని రేపు చక్కగా రాసి ఆ కొత్త లైసెన్స్ కింద బయటపెట్టి ఉంటే, మా గంగమ్మ కథని మేం మలిచిన తీరుని అమెరికాలో ఒక బొమ్మల కంపెనీ తన పుస్తకంలో వేసుకోవచ్చు. మాకు ఒక్క ముక్క చెప్పక్కర్లేదు. వాళ్ళు నిజంగా వేసుకునేవాళ్ళా అంటే, మావైపు చూసేవాళ్ళే కాదు. కానీ వేసుకునే హక్కు రాయించుకోవాలనిపించింది చూశారూ, అది మర్చిపోలేను.

తర్వాత జరిగింది అందరికీ తెలుసు. జనం ఆట పుస్తకాలు ఆన్‌లైన్‌లో చదువుకునే డీఎన్‌డీ బియాండ్ సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేసుకున్నారు. ఆ వెబ్‌సైట్‌ని హాస్‌బ్రో ముందటి ఏడాదే 14 కోట్ల డాలర్లకు పైగా పోసి కొంది. తగలాల్సిన చోటే తగిలింది. పెయిజో వాళ్ళు ఓఆర్‌సీ పేరుతో ఎవరి చేతిలోనూ ఉండని లైసెన్స్ తెస్తామన్నారు. వారం గడిచాక విజర్డ్స్ నోరు విప్పింది. మాకు డైస్ మీద 1 (అన్నిటికంటే చెత్త అంకె) పడిందని జోకేసి, మీరూ గెలిచారు మేమూ గెలిచామని చెప్పింది. ఇదేం క్షమాపణ సామీ? కిందపడ్డా పైచేయి మాదే అన్నట్టు. ఆ తర్వాత 1.2 అని ఇంకో ముసాయిదా తెచ్చి అభిప్రాయ సేకరణ పెడితే, జవాబిచ్చినవాళ్ళలో 88 శాతం దాని కింద ఏదీ ప్రచురించబోమన్నారు. జనవరి 27న చేతులెత్తేసి, పాత ఓజీఎల్‌ని ముట్టుకోమని చెప్పి, ఆట మూలపాఠమైన ఎస్ఆర్‌డీ 5.1 మొత్తాన్ని, ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌లో పెట్టేసింది.

"చూశావా, దిగొచ్చారు కదా" అంటాడు క్షమించమనే మావాడు. దిగిరాలేదు, దించారు. రెంటికీ తేడా ఉంది. బుద్ధొచ్చిందనుకోవడానికి మూడు నెలలు కూడా ఆగలేదు. ఆ ఏప్రిల్‌లోనే, విజర్డ్స్ వేసే మ్యాజిక్ అనే ఇంకో ఆటలో ఇంకా విడుదల కాని కార్డులు చేతికొచ్చి వీడియో పెట్టిన ఒక యూట్యూబర్ ఇంటికి ఇదే కంపెనీ పింకర్టన్ అనే ప్రైవేటు డిటెక్టివ్ సంస్థ ఏజెంట్లని పంపింది. డిసెంబర్‌లో, క్రిస్మస్ ముందు, హాస్‌బ్రో 1,100 మంది ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. డీఎన్‌డీ మీద వచ్చిన వీడియో గేమ్ బాల్డర్స్ గేట్ 3 లోకమంతా మోగిపోయిన ఏడాదే అది. ఎవర్ని క్షమించమంటావు నాయనా? ఆ కాగితం రాయించిన పెద్దలనా? ఆట రాసి చివరికి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళనా? రెండోవాళ్ళ మీద నాకు మొదట్నుంచీ కోపం లేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. 2025 ఏప్రిల్‌లో కొత్త రూల్స్‌తో ఎస్ఆర్‌డీ 5.2ని కూడా క్రియేటివ్ కామన్స్‌లోనే పెట్టారు. చెప్పిన మాట ప్రకారమే చేశారు. సంతోషం.

ఇప్పుడు బాయ్‌కాట్ అనే పెద్దమనిషికి. అన్నా, నువ్వు ఇన్నేళ్ళుగా ఆడుతున్నది జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించిన పుస్తకంతో. నువ్వు కొనడం మానేస్తే హాస్‌బ్రో షేరు ధర ఏ మాత్రం పడిపోతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. యాభై డాలర్ల పుస్తకాన్ని జీతంలో దాచుకుని కొందామనుకున్న కుర్రాణ్ణి నువ్వు ద్రోహి అంటుంటే నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. వాడిది వాడి డబ్బు.

నిజంగా కోపముంటే చెయ్యాల్సిన పని వేరే ఉంది. క్రియేటివ్ కామన్స్‌లో పెట్టింది సీసీ బై 4.0 కింద. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. ఆ కాగితం కంపెనీ చేతిలో లేదు, దాన్ని మార్చే అధికారం విజర్డ్స్‌కి లేదు. ఎస్ఆర్‌డీ 5.1 దాదాపు 400 పేజీలు. అందులో పన్నెండు క్లాసులున్నాయి (యోధుడు, మాంత్రికుడు లాంటి పాత్రల రకాలు), ఒక్కోదానికి ఒక్క సబ్‌క్లాసే ఇచ్చారు. పాత్ర పూర్వకథ చెప్పే బ్యాక్‌గ్రౌండ్ ఒక్కటే, ప్రత్యేక నైపుణ్యం ఇచ్చే ఫీట్ ఒక్కటే. పిసినారితనం అక్కడ కూడా పోలేదు. అయినా స్పెల్స్ ఉన్నాయి, మాన్‌స్టర్స్ ఉన్నాయి, ఆట నడవడానికి చాలు. దాన్ని తెలుగులోకి తీసుకురావచ్చు. తిరుపతిలోనే అచ్చేయించి అమ్ముకోవచ్చు. ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవరికీ వాటా పెట్టక్కర్లేదు. మూలం ఎవరిదో, ఏ లైసెన్సో, మనం ఏం మార్చామో చెబితే చాలు. విజర్డ్స్ పేరు మొదటి పేజీలో పడుతుంది, పడనీ.

సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేసుకుని ఎవరో ఎక్కడో సాధించిపెట్టిన హక్కు ఇది. దాన్ని వాడకుండా అటకెక్కించి, మూడేళ్ళనాటి కోపాన్ని మాత్రం రోజూ దులుపుకుంటూ కూర్చున్నాం. మా వాళ్ళలో ఒకమ్మాయి ఇంటర్ పిల్లలకి ఈ ఆట నేర్పాలని చూసింది. ఇంగ్లీషు రూల్స్ చదవలేక రెండో వారానికే సగం మంది రాలేదు. వాళ్ళకి కంపెనీ మంచిదా చెడ్డదా అన్న గోలే లేదు, చదవడానికి పుస్తకం కావాలి అంతే.

ఎస్ఆర్‌డీలోని మొదటి అధ్యాయాలు నేనూ ఇంకొకాయనా మొదలుపెట్టాం. స్పెల్స్ ఆ అమ్మాయి చూస్తానంది. మాన్‌స్టర్ల భాగమే పెద్దది, దానికి ఇంకా ఎవరూ దొరకలేదు. బాయ్‌కాట్ అన్న, క్షమించమన్న అన్న ఇద్దరూ చెరి సగం పంచుకుంటే దసరా సెలవుల్లోపు అయిపోతుంది. మిగతావాళ్ళెవరికైనా ఆసక్తి ఉంటే నాకు మెసేజ్ పెట్టండి.