లింకింగ్ నంబరు గారికి, నాలుగున్నర నమస్కారాలతో

అయ్యా,

నిన్న మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచింది. ఒక అంచు ఎరుపు, ఒక అంచు నీలం ఉన్న రిబ్బనుకు పురి ఎక్కించి, కొసలు టేపుతో అంటించి, ఇదే డీఎన్ఏ అనుకుని కూర్చున్నాను. రెండు విడివిడి వలయాలు ఒకదాని చుట్టూ ఒకటి ఎన్నిసార్లు చుట్టుకున్నాయో చెప్పే అంకె తమరు. రెండు అంచులూ ఒకదాన్నొకటి దాటిన చోట్లన్నీ ప్లస్, మైనస్ గుర్తులతో సహా కూడి సగం చేస్తే తమరు దర్శనమిస్తారట. ఎప్పుడూ పూర్ణాంకంగానేనట. నాకు మాత్రం నాలుగున్నర వచ్చారు. మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ నాలుగున్నరే.

పోనీ పురి తగ్గిద్దామంటే మెలిక పడుతుంది, అంటే రిబ్బను తన మీదుగా తానే చుట్టుకుంటుంది. మెలిక సర్దితే పురి ఎక్కుతుంది. పురి ప్లస్ మెలిక ఈక్వల్ టు తమరు. చూడ్డానికి ఒకటో తరగతి కూడిక. ఇది తేలేసరికి గణితవేత్తలు కాలుగరేనుకు 1961, వైట్‌కు 1969 వచ్చింది. మెలికకు 'రైత్' అని ఫుల్లర్ పేరు పెట్టింది 1971లో. కొలవాలంటే డబుల్ ఇంటెగ్రల్, అదొక టెన్షన్.

అసలు నా మంట తమరి పూర్ణాంకపు పట్టింపు మీద. పీబీఆర్322 అనే ప్లాస్మిడ్, అంటే బ్యాక్టీరియాలో ఉండే చిన్న డీఎన్ఏ వలయం, ఉంది. గుండ్రంగా అతుక్కున్న 4,361 బేస్ జతలు, అంటే డీఎన్ఏ నిచ్చెనకు మెట్లు. 10.5 జతలకో చుట్టు చొప్పున 415.3 చుట్లు. ఆ పాయింటు మూడు ఏమైపోవాలి? తమరు ముట్టుకోరు. పాపం పురే కాస్త బిగుసుకోవాలి, లేదా సడలాలి, లేదా ఒళ్లంతా మెలికలు తిరగాలి. తమరు మాత్రం కత్తి పడితే తప్ప కదలరు. ఒక పేట కోసే టోపోఐసోమరేజ్ అనే ఎంజైము వస్తే ఒకటి, రెండు పేటలూ కోసేది వస్తే రెండు మారతారు. అంతే. ఎంత మొండితనమండీ!

సాయంత్రం ఎర్ర అంచు మీద వేలు పెట్టి జరుపుతూ పోయాను. టేపు దాటగానే వేలు నీలం మీద ఉంది.

ఎరుపు కొసకు నీలం కొస అంటించానన్నమాట. రెండు అంచులు కావు, ఉన్నది ఒక్కటే. నేను గంటలకొద్దీ తిట్టినప్పుడు తమరసలు అక్కడ లేరు. డీఎన్ఏకి ఈ తప్పు చేతకాదు: రెండు పేటలూ ఎదురెదురు దిక్కుల్లో నడుస్తాయి, అడ్డదిడ్డంగా పెడితే కొసలు అతకనే అతకవు. నా టేపుకి అంత జ్ఞానం లేదు.

టేపు ఊడదీసి, ఇంకో అర చుట్టు తిప్పి, రంగుకు రంగు కలిపాను. అయిదు. ఎనిమిది అంకెలా మెలిపెట్టాను. అయిదు. ఉండచుట్టి గోడకేసి కొట్టాను.

తీసి లెక్కపెట్టాను. అయిదేనండీ.