జపాన్ ప్రైవేటు రైళ్ల గురించి తిరుగుతున్న ఆ మెసేజ్‌లో నిజమెంత?

జపాన్ రైళ్ల గురించి ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. దాని సారాంశం ఇది: "1987లో జపాన్ ప్రభుత్వం రైల్వేలను ప్రైవేటుకు అమ్మేసింది. అప్పట్నుంచే అక్కడి రైళ్లు బాగుపడ్డాయి. ప్రభుత్వం పైసా ఇవ్వదు, టికెట్ల డబ్బుతోనే లాభాలు వస్తాయి. రాకపోకల్లో ఒక్క సెకను తేడా ఉండదు. హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్, మెట్రో కూడా పూర్తిగా ప్రైవేటు చేతికి ఇచ్చేస్తే సరి."

జపాన్ ప్రైవేటు లైన్లు బాగా నడుస్తాయన్నది నిజం. అందుకే మిగతాది కూడా జనం నమ్మేస్తున్నారు. కానీ అవి ఎందుకు బాగా నడుస్తున్నాయో చెప్పే దగ్గర ఈ మెసేజ్ దాదాపు ప్రతి మాటా తప్పు చెబుతోంది. టోక్యోకు నైరుతి వైపు టోక్యూ కంపెనీ నడిపే డెన్‌ఎన్‌తోషి లైన్‌ను తీసుకుని చూద్దాం. టోక్యో నడిబొడ్డున ఉన్న షిబుయా నుంచి చుయో-రింకాన్ దాకా 31.5 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. పొద్దున్నే లక్షల మంది ఆఫీసులకు వెళ్లే లైన్ ఇది.

ముందుగా 1987 సంగతి. ఆ ఏడాది ప్రైవేటీకరణ బాట పట్టింది జాతీయ రైల్వే. దాన్ని విడగొట్టి జేఆర్ కంపెనీలుగా మార్చారు. అప్పటికి దాని నెత్తిన 37 లక్షల కోట్ల యెన్‌ల అప్పుంది, అందులో పెద్ద భాగం చివరికి పన్ను కట్టే జనం మీదే పడింది. ఆ కంపెనీల్లో జేఆర్ హొక్కైదో, జేఆర్ షికోకు ఇప్పటికీ ప్రభుత్వ సంస్థ చేతిలోనే ఉన్నాయి. డెన్‌ఎన్‌తోషి లైన్‌కు ఈ కథతో సంబంధమే లేదు. దాని మూలం 1907లో షిబుయా నుంచి తమగావా నది దాకా ఒక ప్రైవేటు కంపెనీ వేసిన ట్రామ్ లైన్. నది ఒడ్డు నుంచి కంకర మోయడం కూడా దాని పని. అంటే 1987 నాటికే ఈ దారిలో ప్రైవేటు రైలుకు 80 ఏళ్లు. ఒసాకా వైపు హాంక్యూ లైన్ 1910లోనే మొదలైంది. మెసేజ్ రాసినవాళ్లు రెండు వేర్వేరు చరిత్రలను కలిపేశారు.

"టికెట్ల డబ్బుతోనే లాభాలు" అన్న మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. అసలు విషయమంతా ఇక్కడే ఉంది.

హాంక్యూను నిలబెట్టిన కొబయాషి ఇచిజో ముందు లైన్ వేసి ప్రయాణికుల కోసం ఎదురుచూడలేదు. లైన్ వెంట భూములు కొని, 1910లోనే ఇకెదాలో ఇళ్లు కట్టి, నెలవారీ వాయిదాల మీద ఉద్యోగస్తులకు అమ్మాడు. లైన్ చివర తకరజుకాలో వినోద కేంద్రం పెట్టాడు. 1929లో ఒసాకాలోని ఉమెదా స్టేషన్ దగ్గరే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ తెరిచాడు. పొద్దున ఆఫీసు జనం, పగలు షాపింగ్‌కొచ్చే ఆడవాళ్లు, సెలవు రోజుల్లో కుటుంబాలు. రైలు రెండు వైపులా నిండుగా నడవాలన్నది అతని లెక్క.

ఈ పద్ధతినే టోక్యూ అధిపతి గోతో కెయితా టోక్యోకు పెద్ద ఎత్తున తెచ్చాడు. 1953లో తమగావా అవతల కొండలు, పొలాలున్న ప్రాంతానికి పట్టణ ప్రణాళిక ప్రకటించాడు. అప్పటికి అక్కడ రైలు లేదు. సుమారు 5,000 హెక్టార్లు, అంటే 12 వేల ఎకరాల పైమాటే. భూమంతా కొనడం ఏ కంపెనీకీ అయ్యే పని కాదు. అందుకని రైతులు, భూముల యజమానులు సంఘాలుగా ఏర్పడి తమ భూమిలో కొంత భాగం వదులుకున్నారు. అందులోంచి రోడ్లు, పార్కులు వచ్చాయి. మిగిలిన కొంత భూమిని విడిగా పెట్టి, పెట్టుబడి పెట్టి పనులన్నీ చేసిన టోక్యూకు ఇచ్చారు. అమరావతి తర్వాత ల్యాండ్ పూలింగ్ అంటే మన దగ్గర అందరికీ తెలుసు. ఇదీ దాదాపు అలాంటిదే, కాకపోతే అక్కడ ముందుండి నడిపింది యజమానుల సంఘాలు, రైలు కంపెనీ.

1966లో మిజోనోకుచి నుంచి నగత్సుతా దాకా రైలు వచ్చింది. 1984లో చుయో-రింకాన్ చేరింది. గోతో 1959లోనే చనిపోయాడు, ఆ రైలును చూడలేదు. ఈ రోజు ఆ ప్రాంతంలో 6 లక్షల మందికి పైగా ఉంటున్నారు. వాళ్ల ఇల్లు, సూపర్ మార్కెట్, బస్సు, షిబుయాలో షాపింగ్, అన్నింటిలోనూ టోక్యూ ఉంటుంది. రైలు వల్ల భూమి విలువ పెరిగితే ఆ పెరుగుదలలో రైలు వేసినవాడికి వాటా దక్కింది. 2019లో మాతృ సంస్థ తన పేరులోంచి రైల్వే అన్న మాటే తీసేసి, రైళ్లను విడి కంపెనీకి అప్పగించింది. ఇన్ని వ్యాపారాల మధ్య నిలబడ్డ లైన్‌ను చూపించి టికెట్ల మీదే బతుకుతోందంటే ఎలా?

"ప్రభుత్వం పైసా ఇవ్వదు" అన్నదీ నిజం కాదు. రోజువారీ నడపడానికి సబ్సిడీ మీద ఆధారపడరు, ఆ మేరకు ఒప్పుకోవాల్సిందే. కానీ షిబుయా నుంచి ఫుతాకో-తమగావా దాకా ఉన్న భూగర్భ భాగం 1977లో ఎలా వచ్చింది? పాత ట్రామ్‌ను 1969లో ఆపేశాక, ఆ సొరంగం ప్రభుత్వ రైల్వే నిర్మాణ సంస్థ ద్వారా కట్టారు. ఇలా కట్టిన లైన్ ఖర్చును ప్రైవేటు కంపెనీ 25 ఏళ్ల వాయిదాల్లో తీర్చాలి, వడ్డీలో కొంత భారం ప్రభుత్వాలు మోస్తాయి. నగరం నడిబొడ్డుకు వెళ్లే దారే ఇలా వచ్చింది. అక్కడితో అయిపోలేదు. షిబుయాలో డ్రైవర్, కండక్టర్ దిగిపోతే, అదే రైలు టోక్యో మెట్రో సిబ్బందితో హంజోమోన్ లైన్‌లోకి సాగిపోతుంది. ఆ మెట్రో 2024 అక్టోబర్ దాకా పూర్తిగా కేంద్ర, టోక్యో ప్రభుత్వాల సొంతం. సగం వాటా ఇప్పటికీ వాళ్లదే.

ఛార్జీలు కూడా కంపెనీ ఇష్టం కాదు. గరిష్ఠ ఛార్జీ పెంచాలంటే మంత్రిత్వ శాఖ ఆమోదం కావాలి. కోవిడ్ తర్వాత ప్రయాణికులు తగ్గితే, టోక్యూ అలా అనుమతి తీసుకునే 2023 మార్చిలో సగటున 12.9 శాతం పెంచింది. పైగా అక్కడ చాలామంది ఉద్యోగుల పాసు ఖర్చు ఆఫీసే ఇస్తుంది, నెలకు 1,50,000 యెన్‌ల దాకా దాని మీద పన్ను లేదు. ప్రభుత్వం వదులుకునే ఆ పన్ను కూడా ఒక రకంగా రైలుకు సాయమే.

ఇక "ఒక్క సెకను తేడా రాదు." దీనికి మూలం 2017 నవంబర్ 14 నాటి వార్త. సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలు 20 సెకన్లు ముందే కదిలిందని కంపెనీ క్షమాపణ చెప్పింది. ఆ కంపెనీలో ఎక్కువ వాటాలు స్థానిక ప్రభుత్వాలవే, కాబట్టి ప్రైవేటు గొప్పతనానికి అది సాక్ష్యం కానే కాదు. సరిగ్గా ఆ మర్నాడు, నవంబర్ 15 ఉదయం, మన డెన్‌ఎన్‌తోషి లైన్‌లో కరెంటు తీగ దెబ్బతిని షిబుయా వైపు భాగంలో రైళ్లు నాలుగు గంటలకు పైగా ఆగిపోయాయి. క్షమాపణ వార్త మాత్రం ప్రపంచమంతా తిరిగింది.

మామూలు రోజుల్లో కూడా ఉదయం రద్దీలో కొద్ది నిమిషాల ఆలస్యాలు ఉంటాయి. అందుకే ఆఫీసులో చూపించడానికి రైలు కంపెనీలు ఆలస్య ధ్రువపత్రాలు ఇస్తాయి. కోవిడ్‌కు ముందు ఇకెజిరి-ఓహాషి, షిబుయా మధ్య పీక్ గంటలో రద్దీ సామర్థ్యానికి 180 శాతం దాటేది. ఎక్స్‌ప్రెస్ రైళ్లలోకే జనం ఎగబడి ఆలస్యాలు పెరిగిపోవడంతో, 2007లో ఉదయం షిబుయా వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లను ఫుతాకో-తమగావా నుంచి అన్ని స్టేషన్లలో ఆగేలా మార్చారు. వేగం తగ్గించి టైమ్ కాపాడుకున్నారన్నమాట. వాళ్ల పనితనం నాకు కనిపించేది ఇలాంటి నిర్ణయాల్లోనే.

చివరిది హైదరాబాద్. మెట్రోను మొదట కట్టి నడిపింది ప్రైవేటు కంపెనీయే అని మెసేజ్ రాసినవాళ్లు మరిచారు. స్టేషన్ల దగ్గర స్థలాల మీద కట్టుకునే హక్కులు ఆ ఒప్పందంలో ఉన్నాయి, కేంద్రం నుంచి నిధులూ ఉన్నాయి. కానీ మియాపూర్, అమీర్‌పేట, ఎల్బీనగర్ మెట్రో వచ్చేనాటికే కిక్కిరిసి ఉన్నాయి. అక్కడి భూమి విలువ అప్పటికే వేరేవాళ్ల చేతుల్లో ఉంది. టోక్యూ మాత్రం పొలాల మీదుగా లైన్ వేసి, ఊరు దాని వెంట పెరిగేలా చూసుకుంది. ఈ పోలిక నిజంగా పనికొచ్చేది ఇంకా ఊరు కాని చోట, కొత్త లైన్ గీస్తున్నప్పుడు: భూమి విలువ పెరిగితే ఎవరికి ఎంత, పొలం ఇచ్చిన రైతుకు ఎంత, రైలుకు ఎంత అని ముందే రాసుకోవడానికి.