ఆడించే ముందు అడగండి

హైదరాబాద్ శివార్లలో సీనియర్ లివింగ్ కమ్యూనిటీలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో, పిల్లలు విదేశాల్లో స్థిరపడిన తల్లిదండ్రులు వాటిలోకి ఎందుకు మారుతున్నారో అందరికీ తెలిసిందే. అక్కడ 'యాక్టివిటీస్' చూసుకోవడానికి సైకాలజీ, సోషల్ వర్క్ చదివే పిల్లల్ని ఇంటర్న్‌లుగా తీసుకోవడం మంచిదే. కానీ చేరిన రోజే వాళ్ళ చేతిలో వారం టైంటేబుల్ పెట్టేస్తే లాభం లేదు. సోమవారం హౌసీ, మంగళవారం రంగులు వేయడం, శుక్రవారం భజన. అన్నీ ముందే ఖాయమైపోతే ఆ ఇంటర్న్ నేర్చుకునేది ఏముంటుంది? నన్నడిగితే, మొదటి రెండు వారాలు ఇంటర్న్ చేత ఒక్క కార్యక్రమం కూడా చేయించకూడదు.

ఆ రెండు వారాలూ గది గదికీ వెళ్ళి కూర్చోవాలి. ఎవరు ఏ ఉద్యోగం చేశారు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ చెవి బాగా వినిపిస్తుంది, మధ్యాహ్నం ఎంతసేపు పడుకుంటారు అన్నీ తెలుసుకోవాలి. బీపీకి పొద్దున నీళ్ళ మాత్ర, అంటే మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందు, వేసుకునేవాళ్ళు ఆ తర్వాత కాసేపటికోసారి బాత్‌రూంకి వెళ్ళాలి. పదింటికి, బాత్‌రూంకి దూరంగా ఉన్న హాల్లో వ్యాయామం పెడితే వాళ్ళు రారు. రాకపోవడానికి కారణం నలుగురిలో చెప్పుకోలేరు కూడా. 'ఆవిడకు ఇంట్రెస్ట్ లేదు' అని రిజిస్టర్‌లో రాసేస్తారు. మైకు సౌండ్ పెంచితే చెవి మిషన్ పెట్టుకున్నవాళ్ళకు గోల తప్ప మాట వినపడదు. జీవితమంతా లెక్కలు చెప్పిన మాస్టారి ముందు సీతాకోకచిలుక బొమ్మ, క్రేయాన్లు పెట్టి 'తాతగారూ, రంగులేయండి' అంటే ఆయన మర్నాటి నుంచి గది దాటరు. అదే వంటమనిషి పిల్లాడికి ఎక్కాలు చెప్పమని అడిగి చూడండి. ఆయనే టైముకి ముందు వచ్చి కుర్చీ వేసుకుంటారు.

పెద్దవాళ్ళకు కావలసింది కాలక్షేపం కన్నా ముందు, తమ రోజు మీద తమకు కాస్త అధికారం. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మానసిక శాస్త్రవేత్తలు అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక నర్సింగ్ హోంలో ఇదే పరీక్షించారు. ఒక అంతస్తువాళ్ళకు నచ్చిన మొక్కను ఎంచుకోమని, నీళ్ళు మీరే పోసుకోవాలని, సినిమా ఏ రోజు చూస్తారో మీ ఇష్టమని చెప్పారు. ఇంకో అంతస్తువాళ్ళకూ మొక్కలిచ్చారు, సినిమా వేశారు. కానీ నీళ్ళు నర్సులే పోస్తారన్నారు, సినిమా రోజు కూడా వాళ్ళే చెప్పారు. మూడు వారాలు తిరిగేసరికి మొదటి అంతస్తువాళ్ళు ఎక్కువ హుషారుగా, చురుగ్గా కనిపించారు. చిన్న అధ్యయనమే. అయినా యాక్టివిటీస్ పనిలో దిగే ప్రతి ఇంటర్న్‌కూ మొదటి పాఠంగా దీన్నే చెప్పాలి.

ఇంటర్న్ ఉండేదే రెండు నెలలు, అందులో రెండు వారాలు కబుర్లకు పోతే ఎలా అని మేనేజర్లు అంటారు. నెలనెలా డబ్బు కట్టే పిల్లలు వాట్సాప్‌లో ఫొటోలు అడుగుతారనీ అంటారు. ఆ ఇబ్బంది నిజమే. అయితే ఫొటో కోసం పట్టుకొచ్చి కూర్చోబెట్టిన అమ్మ ముఖంలో విసుగు వేల మైళ్ళ దూరంలో ఉన్న కూతురికి కనిపించకపోదు.

ఈ పనికి విలువ లేకపోవడం చట్టం నుంచే మొదలైంది. అమెరికాలో 1987 నాటి సంస్కరణల చట్టం ప్రకారం నర్సింగ్ హోంలలో యాక్టివిటీస్ తప్పనిసరి, వాటిని నడిపేవాళ్ళకు తగిన అర్హతలూ ఉండాలి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల కోసం మనం 2007లో తెచ్చుకున్న చట్టం వృద్ధాశ్రమాల్లో ఉండాల్సిన సేవల గురించి చెబుతూ వైద్యం, వినోద సాధనాలు అని రెండు మాటలతో సరిపెట్టింది. గోడకో టీవీ బిగిస్తే వినోదం వచ్చేసినట్టే. దాని ఎదుట కూర్చున్న మనిషితో మాట్లాడటం ఒక విద్య అనీ, దాన్ని నేర్పాలనీ ఎక్కడా లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులు పెరుగుతున్నారని, ఎక్కువమంది పిల్లల్ని కనాలని 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు అన్నారు. ఇవాళ పుట్టిన బిడ్డ చేతికి అందిరావడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది. పెద్దవాళ్ళు మాత్రం ఇప్పుడే, మన కళ్ళ ముందే ఉన్నారు. పైగా దారి కూడా చేతిలోనే ఉంది. 2020-21లో సిలబస్ మార్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టింది. మొదటి ఏడాది తర్వాత చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అందులో భాగమే. అన్ని నెలల్లో కొన్నయినా పెద్దవాళ్ళ మధ్య ఎందుకు గడవకూడదు? ఖరీదైన కమ్యూనిటీల్లోనే కాదు, జిల్లాల్లోని మామూలు వృద్ధాశ్రమాల్లోనూ. స్టైపెండ్ ఇవ్వాలి, పని నేర్పే సీనియర్ ఒకరు పక్కన ఉండాలి. ఎన్ని ఈవెంట్లు చేశారు, ఎంతమంది వచ్చారు అనే లెక్కలు రిపోర్టులోంచి తీసేయాలి. మార్కుల్లో సగం ఆ గదుల్లో ఉండే పెద్దల చేతే వేయించాలి.