మా ఇంటి నిధి నిక్షేపాలు

పాత ఇల్లున్న ప్రతి తెలుగు కుటుంబానికీ ఘనమైన చరిత్ర ఉంటుంది. దస్తావేజులు చదవనంత కాలం దానికి ఏ ఢోకా ఉండదు.

కోనసీమలోని మా మండువా లోగిలి రెండొందల ఏళ్ల నాటిదని వింటూ పెరిగాం. వీధి వసారాలో రెండో స్తంభానికి కాటన్ దొర గుర్రాన్ని కట్టేశాడట. ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1847-52 మధ్య కాబట్టి ఇల్లు అంతకంటే ముందుదే అయి తీరాలని మా బాబాయి తీర్మానం. 1929లో గాంధీగారు ఖద్దరు నిధి కోసం ఆంధ్రలో తిరిగినప్పుడు మా అరుగు మీద కూర్చుని మజ్జిగ కూడా తాగారు. మా జిల్లాలో ఎవరి అరుగు కథ విన్నా ఇదే. ఆ మజ్జిగంతా తాగి ఉంటే ఆయనకు వేరే నిరాహార దీక్షలు అవసరం పడేవి కావు.

ఇల్లు అమ్మకానికి పెట్టాం. కొనేవాళ్ల లాయరు లింకు డాక్యుమెంట్లు, అంటే ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజులు అడిగాడు. చరిత్ర పరిశోధన అలా నా నెత్తిన పడింది. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, కంప్యూటర్లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి కావాలంటే పాత పుస్తకాలు దింపించి వెతికించాలి. మూడు వారాలు తిరిగాక, నాలుగు చేతిరాత దస్తావేజుల నకళ్లు చేతికొచ్చాయి.

మొదటిది 1924 నాటి క్రయం. అందులో మా ముత్తాత కొన్నది ఇల్లు కాదు, 'తాటిచెట్లు రెండు గల ఖాళీ దొడ్డి'. కాటన్ 1899లోనే ఇంగ్లండులో కన్నుమూశారు. స్తంభం లేని రోజుల్లో గుర్రాన్ని దేనికి కట్టారని అడిగాను. "తాటిచెట్టుకి కట్టి ఉంటాడు," అన్నాడు బాబాయి. చరిత్రకారుడికి ఉండాల్సిన స్థైర్యం అది.

అదే దస్తావేజు చివర్లో ఇంకో మాట ఉంది: 'నిధి నిక్షేప జల పాషాణాది అష్టభోగ స్వామ్యములతో సహా'. అంటే నేలలోని నిధులు, నీళ్లు, రాళ్లు వగైరా ఎనిమిది రకాల హక్కులూ కొన్నవాడివేనని. రాష్ట్రంలో పాత క్రయ దస్తావేజు ఏది తీసినా ఈ వాక్యం ఉంటుంది, పాయిఖానా స్థలం అమ్మినా రాస్తారని లేఖరి ఒట్టేసి చెప్పాడు. అయినా నేను ఊరు వెళ్లేసరికి మండువా మధ్యలో నడుం లోతు గొయ్యి ఉంది. అందులో ఒక కుండ మూతి, తుప్పుపట్టిన గడియ, మా బాబాయి ఉన్నారు. డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య వాట్సాప్‌లో ఆ గడియ ఫోటో చూసి కార్బన్ డేటింగ్ చేయించమన్నాడు. తుప్పు గడియకి కార్బన్ డేటింగ్ ఏమిట్రా అని ఎవరూ అడగలేదు, ఎందుకంటే గొయ్యి కూలి ఖర్చు పంపింది వాడే.

రెండోది 1931 నాటి తనఖా. ఊరంతటికీ అప్పులిచ్చిన మహానుభావుడని మేం దణ్ణం పెట్టుకునే ముత్తాత ఇల్లు కుదువపెట్టి ఎనిమిది వందలు తెచ్చాడు. ఆర్థిక మాంద్యం రోజులు, ధాన్యం ధర పడిపోయింది. మూడో కాగితం చూస్తే వడ్డీ మాఫీ. 1938లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం రైతుల రుణభారం తగ్గించే చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ పోయింది. రుణమాఫీలు దేశాన్ని నాశనం చేస్తున్నాయని మా పెదనాన్న ఏటా బడ్జెట్ రోజున ఉపన్యసించేది ఆ కప్పు కిందే, పడక్కుర్చీలో.

నాలుగోది 1940 నాటి చెల్లు రశీదు. అసలు సొమ్ము తీర్చింది ముత్తాత కాదు. 'నా స్త్రీధనమైన కాసులపేరు విక్రయించి' అని ఉంది, కింద ముత్తవ్వ వేలిముద్ర. సిరా కాస్త ఎక్కువైనట్టుంది, నకలు రాసినాయన 'ముద్ర అలుక్కుపోయినది' అని పక్కన చిన్నగా రాసుకున్నాడు. ఇల్లు నిలబెట్టిన మనిషి పేరు మా ఇంట్లో నాకు చెప్పగలిగినవాళ్లు లేరు. అందరూ ఆవిణ్ణి 'నాయనమ్మ' అనే అన్నారు.

ఇదంతా గ్రూపులో పెట్టాను. మా మేనత్త ఒక్కతే వెంటనే స్పందించింది: "ఆ కాసులపేరు ఇప్పుడు ఎవరి దగ్గరుంది? ఆడపిల్లగా అది నాకు రావాలి."

అమ్మేశారని కాగితం ఉందని బాబాయికి ఫోన్ చేసి చెప్పాను.

"కాగితానికేంరా, ఏది రాయిస్తే అది రాస్తారు. మా నాయనమ్మ అంత వెర్రిది కాదు," అన్నాడు. వెనక గడ్డపార చప్పుడు వినిపిస్తోంది. "నువ్వు శనివారం వచ్చేయ్. తులసికోట జరపాలి, నా ఒక్కడివల్లా కాదు."