ఒక్క అక్షరానికి ఫైలంతా

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర మా ఆఫీసులో రాత్రి తొమ్మిది దాటింది. డేటాబేస్ పాస్‌వర్డులో నేను మార్చింది ఒకే ఒక్క అక్షరం. పాస్‌వర్డుల్లాంటి రహస్యాలను గుప్తీకరించి దాచే యాన్సిబుల్ వాల్ట్ ఫైలును భద్రపరచి, ఫైళ్ల పాత ప్రతులన్నిటినీ ఉంచే గిట్‌లో చూస్తే మొదటి వరుస తప్ప అంతా మారిపోయింది! మార్చిన ప్రతిసారీ సాల్ట్ అనే కొత్త యాదృచ్ఛిక విలువతో మొత్తాన్నీ మళ్లీ గుప్తీకరిస్తుంది కదా. భద్రతకు అది అవసరమే, కాదనను. కానీ సరిచూడాల్సిన మనిషి ఏం చూడాలి? వరుసకు 80 చొప్పున అంకెలు, అడుగడుగునా మూడ్లూ ఆర్లూ. కళ్లు మండిపోతున్నాయి.

అంతకంటే బాధించేది మరొకటి. ఎవరైనా ఉద్యోగం మానేస్తే వాల్ట్ పాస్‌వర్డు మార్చేసి ‘పని అయిపోయింది’ అంటారు. ఎలా అవుతుంది? గిట్‌లోని పాత ప్రతులు పాత పాస్‌వర్డుతోనే తెరుచుకుంటాయి. లోపలి రహస్యాలన్నిటినీ ప్రతి సర్వరులోనూ మార్చాలి. ఎన్నిసార్లు మొత్తుకున్నా ఆ పనికి ఒక్క రోజు ఇవ్వరు.